పేల్చిన రైఫిల్ కేస్‌ను ప్రతిసారీ పూర్తిగా సైజ్ చేయాలా?

మీ తమ్ముడు హ్యూస్టన్‌లో తన .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు తూటాలు తానే నింపుకుంటున్నారనీ, కేస్‌లు (తూటాల ఇత్తడి గొట్టాలు) నాలుగైదు వాడకాలకే అడుగుకు కాస్త పైన చిట్లుతున్నాయనీ, ఫుల్ లెంగ్త్ డై (పేల్చినప్పుడు ఉబ్బిన కేస్‌ను మొత్తం నొక్కి కొలతకు తెచ్చే అచ్చు; అలా నొక్కడమే సైజ్ చేయడం) మాని కేస్ మెడ ఒక్కటే సైజ్ చేస్తే చాలునా అనీ అడిగారు. నేను విశాఖకు తిరిగి రాకముందు, టెక్సాస్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ పని చేసేవాణ్ని. డై మానవలసిన అవసరం లేదు, దాన్ని బిగించే తీరు మార్చుకుంటే చాలు.

డైతో వచ్చే సూచనల కాగితంలో సాధారణంగా షెల్ హోల్డర్‌కు (ప్రెస్‌లో కేస్ అడుగును పట్టి ఉంచే భాగానికి) తగిలేదాకా దింపి ఇంకాస్త బిగించమని ఉంటుంది. తూటా ఏ రైఫిల్‌లోనైనా పట్టాలన్నదే దాని ఉద్దేశం. అలా చేస్తే కేస్ భుజం (మెడ కింది ఏటవాలు భాగం) అవసరానికి మించి వెనక్కి పోతుంది. మళ్లీ పేల్చినప్పుడు ముందుభాగం ఛాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడను పట్టుకుని ఉండగా అడుగు బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) వైపు జరుగుతుంది, ఆ సాగుదలంతా మందపాటి అడుగుకు సరిగ్గా పైనున్న గోడ మీద పడి అక్కడ ఇత్తడి పలచబడుతుంది.

పేల్చిన కేస్‌లోంచి ప్రైమర్ (అడుగున ఉండే, మందును రగిలించే చిన్న మూత) తీసేసి, కంపారేటర్ (భుజం దగ్గర కొలవడానికి తగిలించే బిళ్ల) పెట్టిన వెర్నియర్‌తో భుజం కొలత రాసుకోమనండి. డైని పైకెత్తి ఉంచి కొద్దికొద్దిగా దింపుతూ ప్రతిసారీ కొలవాలి. మొదట్లో కొలత తగ్గకపోగా పెరుగుతుంది. పక్కలు నొక్కుకుపోయి ఇత్తడి పైకి జరగడమే కారణం కనుక కంగారు పడనక్కరలేదు. ఆ తర్వాత రాసుకున్న కొలత కన్నా ఒకటి రెండు థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు) తగ్గగానే ఆపాలి. సెమీ ఆటోమేటిక్‌కైతే మూడు నాలుగు కావాలి. మెడ మాత్రమే సైజ్ చేస్తూ పోతే కొన్నాళ్లకు బోల్ట్ బిగుసుకుంటుంది, అప్పుడు ఎలాగూ ఫుల్ లెంగ్త్ డై తప్పదు.

సైజ్ చేసేముందు కేస్‌కు లూబ్ (కందెన) పలచగా పట్టించాలి. ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి, బొత్తిగా లేకపోతే కేస్ డైలో ఇరుక్కుంటుంది. సైజ్ చేశాక పొడవు 2.015 అంగుళాలు దాటితే 2.005కు కత్తిరించాలి.

ఆటోనగర్‌లో మీరు డై చేయించి పంపుతానన్నారు. లోపలి ముఖం గట్టిపరచి, గ్రైండ్ చేసి, అద్దంలా నునుపు చేయాల్సిన వస్తువది, మీ తమ్ముడు హ్యూస్టన్‌లోనే దుకాణంలో కొనుక్కోవడమే మేలు. మన దేశంలో మాత్రం 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరమని మరవకండి.

ఇప్పటికే వాడిన కేస్‌లను వదలకుండా పరీక్షించాలి. పేపర్ క్లిప్పు కొస పదును పెట్టి, కొక్కెంలా వంచి, లోపల అడుగు నుంచి గోడ వెంబడి పైకి లాగితే, పలచబడిన చోట గాడి చేతికి తెలుస్తుంది. కొస అక్కడ ఆగితే ఆ కేస్‌ను ప్లయర్‌తో నలిపి పారేయాలి, బయట మెరిసే గీత కనబడేదాకా ఆగకూడదు.