షికాగోలోని సామాన్య పోలిష్ కుటుంబం జాడ ఎలా తీయాలి? మా అనుభవం

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీ అబ్బాయి పోలిష్ అమెరికన్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నారు. మనవరాలి కోసం మీ వైపు ఏడు తరాల పేర్లు రాసిపెట్టారు కానీ, కోడలి వైపు "ముత్తాత షికాగో కబేళాల్లో పనిచేశాడట" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయారు. కూలి పని చేసుకున్న మనిషి గురించి ప్రభుత్వ రికార్డుల్లో ఏమైనా దొరుకుతుందా, లేక నేరుగా పోలండ్‌కే ఉత్తరాలు రాయాలా అని అడిగారు. నేను అటువంటి కుటుంబంలోకే కోడలిగా వచ్చాను. మా మామగారి తాతగారు కూడా 1865 నుంచి 1971 వరకు నడిచిన యూనియన్ స్టాక్ యార్డ్స్ అనే ఆ కబేళాల ప్రాంతంలో పనిచేసినవారే. ఆయన జాడ తీయడానికి నాకూ మావారికీ దాదాపు నాలుగేళ్ళు పట్టింది. అందులో కనీసం ఏడాది మా తప్పుల వల్ల పోయింది కాబట్టి, ఆ తప్పులతో సహా రాస్తున్నాను.

పోలండ్‌కు ఇప్పుడే ఉత్తరం రాయకండి. అక్కడి రికార్డులు ఊరిని బట్టి, ఆ ఊరి విచారణను, అంటే చర్చి పరిధిని బట్టి ఉంటాయి. ఊరి పేరు తెలియకుండా ఇంటిపేరు మాత్రం పట్టుకుని వెళ్తే, గోదావరి జిల్లాల్లో ఫలానా ఇంటిపేరు గల రైతు ఎక్కడని అడిగినట్టే ఉంటుంది. ఊరి పేరు దొరికేది అమెరికా కాగితాల్లోనే. మాకు దొరికిన ఊరు డోంబ్రోవా. అదే పేరుతో పోలండ్‌లో లెక్కలేనన్ని ఊళ్ళు ఉన్నాయి కనుక, ఊరి పేరు తెలిశాక కూడా అది ఏ డోంబ్రోవా అని తేల్చుకోవడానికి మళ్ళీ అమెరికా కాగితాల దగ్గరకే రావలసివచ్చింది.

మొదటి ఆధారం ఇంట్లోనే దొరికింది. మా మామగారి మేనత్తగారి ప్రార్థన పుస్తకంలో, అంత్యక్రియల రోజు చర్చిలో పంచే చిన్న స్మారక కార్డులు పదిహేను దాకా ఉన్నాయి. వాటిలో మరణించిన తేదీలు, రెండింటి మీద శ్మశానం పేరు కూడా ఉన్నాయి. మీ కోడలి వైపు పెద్దవాళ్ళను "మీకేమైనా తెలుసా" అని అడిగితే తెలియదనే అంటారు. "పాత ప్రార్థన పుస్తకాలు, శ్మశానం రసీదులు, ఇన్సూరెన్స్ కాగితాలు ఉన్నాయా" అని అడిగి చూడండి. 1873లో ఏర్పడిన పోలిష్ రోమన్ క్యాథలిక్ యూనియన్, 1880లో ఏర్పడిన పోలిష్ నేషనల్ అలయన్స్ వంటి సంఘాలు సభ్యులైన కార్మికులకు జీవితబీమా ఇచ్చేవి. ఆ పాలసీ కాగితాల్లో వారసుల పేర్లు ఉంటాయి.

తరువాత జనగణన. వ్యక్తుల వివరాలు 72 సంవత్సరాల తరువాతే బయటపెడతారు కాబట్టి, ప్రస్తుతం అందరికీ అందుబాటులో ఉన్నవాటిలో చివరిది 2022 ఏప్రిల్ 1న విడుదలైన 1950 జనగణన. అక్కడి నుంచి పదేసి సంవత్సరాలు వెనక్కి నడవండి. 1890 నాటి పత్రాలు మాత్రం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం కారణంగా దాదాపు అన్నీ పోయాయి. ఇక్కడ మనవాళ్ళు తికమకపడే విషయం ఒకటుంది. 1795 నుంచి 1918 వరకు పోలండ్ అనే రాజ్యమే లేదు, ఆ నేలను రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. 1910 జనగణనలో మా ముత్తాతగారి జన్మస్థలం ఆస్ట్రియా అనీ, ఆయన భార్యది రష్యా అనీ ఉండడం చూసి, వేరే దంపతుల పేజీ అనుకుని మేము దాన్ని పక్కన పెట్టేశాము. పక్కనే మాతృభాష పోలిష్ అని రాసి ఉన్న సంగతి రెండు నెలల తరువాత గమనించాము.

జనగణన పేజీలో ఉన్నది నిజమని కాకుండా, గుమస్తాకు ఎవరో చెప్పిన మాట అని చదవాలి. ఇంట్లో ఎవరు ఉంటే వాళ్ళు చెప్పారు, వచ్చిన ఉద్యోగికి వినిపించినట్టు రాసుకున్నాడు. 1940 జనగణనలో సమాధానం చెప్పిన వ్యక్తి పేరు పక్కన గుండ్రని గీతలో ఇంటూ గుర్తు ఉంటుంది. ఆ సదుపాయం మిగతా సంవత్సరాల్లో లేదు. మా ముత్తాతగారి వయసు మూడు జనగణనల్లో మూడు రకాలుగా ఉంది. మరణ ధ్రువపత్రంలో ఆయన తల్లి పుట్టింటి పేరు పూర్తిగా తప్పు, ఎందుకంటే ఆ వివరం చెప్పింది తన నాయనమ్మను ఎన్నడూ చూడని కొడుకు. ప్రతి కాగితం మీదా "ఈ మాట ఎవరు చెప్పారు, అప్పుడు వాళ్ళకు ఏం అవసరం పడింది" అని పెన్సిల్‌తో రాసుకోవడం మొదలుపెట్టాకే మా వెతుకులాట దారిలో పడింది.

పేర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వలస వచ్చినవాళ్ళు దిగే న్యూయార్క్ ఎల్లిస్ దీవిలో అధికారి పేరు మార్చేశాడన్న కథ ప్రతి పోలిష్ ఇంట్లోనూ వినిపిస్తుంది, మా ఇంట్లోనూ ఉంది. ఓడ జాబితాను రాసింది బయలుదేరిన రేవులో ఓడ కంపెనీ గుమస్తాలు. దిగిన చోట అధికారులు ఆ జాబితాను సరిచూసుకునేవారు. పేర్లు మారింది ఆ తరువాత, ఫ్యాక్టరీలో, బడిలో, చాలాసార్లు వాళ్ళ ఇష్టంతోనే. స్తానిస్వాఫ్ స్టాన్లీ అయ్యాడు, బ్రోనిస్వావా బెర్నీస్ అయింది, చెస్వాఫ్ చెస్టర్ అయ్యాడు. మా ముత్తాతగారి పేరు వోయ్‌చెఖ్. చర్చి పుస్తకంలో లాటిన్‌లో అడాల్బెర్టుస్, జనగణనలో ఆల్బర్ట్, ఒక చోట జార్జ్! పోలిష్‌లో అడ్డగీత ఉన్న ఎల్ అక్షరాన్ని పలకడం మన 'వ' లాగా ఉంటుంది, చేతిరాతలో ఇంగ్లీషు 'టి' లాగా కనబడుతుంది కనుక సూచికలు తయారుచేసినవాళ్ళు అలాగే ఎక్కించారు. స్త్రీల ఇంటిపేరు 'స్కీ' బదులు 'స్కా'తో ముగియవచ్చు. పేర్లను ఉచ్చారణను బట్టి వెతికే మామూలు సౌండెక్స్ పద్ధతి ఈ పేర్లకు సరిగా పనిచేయదు కాబట్టి, స్లావ్ పేర్ల కోసం చేసిన డైచ్–మొకోటోఫ్ పద్ధతితో వెతకండి. మన ఇంటిపేర్ల లాగే వీళ్ళ పేర్లలోనూ చాలా భాగం ఊరి పేర్ల నుంచి వచ్చినవే. అయితే ఇంటిపేరును బట్టి ఊరిని ఊహించే పని మాత్రం పెట్టుకోకండి.

మాకు అసలు దారి చూపింది చర్చి పుస్తకాలు. బ్యాక్ ఆఫ్ ది యార్డ్స్ అనే ఆ పేటలోనే సెయింట్ జోసెఫ్, సెయింట్ జాన్ ఆఫ్ గాడ్, సేక్రెడ్ హార్ట్ అని మూడు పోలిష్ విచారణలు ఉండేవి. ఇల్లినాయ్ రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు 1916లో గాని స్థిరపడలేదు. పోలిష్ చర్చి గురువులు మాత్రం అంతకుముందు నుంచే జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు శ్రద్ధగా రాసేవారు, పైగా వచ్చినవాళ్ళు తమ భాష తెలిసిన మనిషికే తమ ఊరి పేరు చెప్పేవారు కాబట్టి ఊళ్ళ పేర్లు అక్కడ కాస్త సరిగ్గా ఉంటాయి. షికాగో అగ్రమేత్రాసనపు (అక్కడి క్యాథలిక్ ఆర్చిబిషప్ పరిధి) పాత పుస్తకాలు చాలావరకు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. మా వాళ్ళ పెళ్ళి 1909 ఫిబ్రవరిలో జరిగింది. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో పెళ్ళిళ్ళు చేయరు కనుక, ఆషాఢానికి ముందు మన ముహూర్తాలు కిక్కిరిసినట్టే అక్కడ జనవరి, ఫిబ్రవరి, నవంబరు పేజీలు నిండి ఉంటాయి. తేదీ తెలియకపోతే ముందుగా ఆ నెలలే తిప్పండి. ఆ నమోదులో వరుడి ఊరు డోంబ్రోవా అనీ, దాని పక్కన తార్నుఫ్ మేత్రాసనం (అక్కడి బిషప్ పరిధి) అనీ ఉంది. వందల డోంబ్రోవాలు ఒక్క మాటతో గుప్పెడయ్యాయి.

ఇక పౌరసత్వ కాగితాలు. 1906 సెప్టెంబరు 27కు ముందు ఏ కోర్టులోనైనా, ఏ నమూనాలోనైనా పౌరసత్వం ఇచ్చేవారు, అందువల్ల ఆ పాత కాగితాల్లో పేరు, దేశం తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఆ తేదీ తరువాత దేశమంతటికీ ఒకే ఫారం వచ్చింది. అందులో పుట్టిన ఊరు, ఎక్కిన ఓడ, దిగిన రేవు, భార్యాబిడ్డల పేర్లు, పుట్టిన తేదీలు, ఇద్దరు సాక్షులు ఉంటారు. మా ముత్తాతగారు 1925లో పెట్టుకున్న దరఖాస్తు చూశాక, ఎల్లిస్ దీవి జాబితాల్లో మేము గడిపిన నెలలన్నీ వృథా అని తేలింది, ఎందుకంటే ఆయన దిగింది బాల్టిమోర్‌లో. జర్మనీలోని బ్రెమెన్ నుంచి వచ్చే ఓడలు బాల్టిమోర్‌లోని లోకస్ట్ పాయింట్ రేవుకు చేరేవి, అక్కడి నుంచే రైలెక్కి ప్రయాణికులు షికాగో వైపు వెళ్ళేవారు.

ఆయన 1925 దాకా తాత్సారం చేయడం మా అదృష్టం. 1922 సెప్టెంబరు 22న కేబుల్ చట్టం వచ్చేదాకా భర్త పౌరుడైతే భార్య కూడా ఆటోమేటిగ్గా పౌరురాలయ్యేది, ఆమె పేరున విడిగా కాగితమే ఉండేది కాదు. ఆ తరువాత మాత్రం ఎవరి దరఖాస్తు వాళ్ళదే. మూడేళ్ళ ముందే ఆయన ఆ పని ముగించి ఉంటే మా ముత్తవ్వగారి పుట్టిన ఊరు మాకు ఎప్పటికీ తెలిసేది కాదేమో. ఆవిడ 1940లో విదేశీయుల నమోదులో వేలిముద్రలు ఇచ్చి, 1943లో సొంతంగా పౌరసత్వం తీసుకున్నారు. 1906 నుంచి 1956 మధ్య పౌరసత్వాల ఫైళ్ళు వలస విభాగం దగ్గర ఉంటాయి, రుసుము కట్టి నకలు తెప్పించుకోవచ్చు. 1929 నుంచి ధ్రువపత్రం మీద ఫొటో తప్పనిసరి చేశారు. ఆ ఫైలు వచ్చేదాకా ఆవిడ ముఖం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మా మామగారు ఆ ఫొటోను చాలాసేపు చూసి, "చెవులు నావే" అన్నారు.

సైనిక నమోదు కార్డులనూ వదలకండి, యుద్ధానికి వెళ్ళకపోయినా కార్డు ఉంటుంది. అయితే ఏ కార్డు అన్నది ముఖ్యం. మా ముత్తాతగారు 1886లో పుట్టినందున 1917 జూన్ నమోదుకు వయసు దాటిపోయి, 1918 సెప్టెంబరు 12 నాటి నమోదులో చేరారు. ఆ కార్డులో జన్మస్థలం అడగలేదు. 1942 ఏప్రిల్‌లో పెద్ద వయసువాళ్ళకు పెట్టిన నమోదు కార్డులో మాత్రం పుట్టిన ఊరు ఉంది.

ఓడ జాబితా దొరికితే రెండో పేజీ తప్పక తిప్పండి. 1907 నుంచి స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, ఊరు రాయించేవారు. రెండో పేజీలో ఎవరింటికి వెళ్తున్నారో, చేతిలో ఎంత డబ్బుందో ఉంటుంది. మా ముత్తాతగారు బావమరిది ఇంటికి వెళ్తున్నానని చిరునామా ఇచ్చారు. మేము ఉత్సాహంగా ఆ నంబరు ఇంటి ముందు నిలబడి ఫొటోలు దిగాము. షికాగో నగరం 1909లో ఇళ్ళ నంబర్లు మార్చిందన్న సంగతి ఆ తరువాత తెలిసింది. ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని ఏమనుకున్నారో!

మేము చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. అదే పేరు, అదే వయసు, అదే పేటకు చెందిన ఇంకో మనిషిని ఆరు నెలలపాటు మా ముత్తాతగారని నమ్మి, డబ్బు కట్టి మరణ ధ్రువపత్రం తెప్పించి, ఇంటర్నెట్‌లో మా వంశవృక్షంలో ఎక్కించాము. భార్య పేరు కుదరకపోయేసరికి తెలిసివచ్చింది. మేము తీసేసినా, మా దగ్గర నుంచి కాపీ చేసుకున్న ముగ్గురి వంశవృక్షాల్లో ఆ తప్పు ఇప్పటికీ ఉంది. అందుకే ఆన్‌లైన్ వంశవృక్షాలను నేను సూచనగా తప్ప సాక్ష్యంగా తీసుకోను. ఒక్క మనిషినే వెతక్కుండా అన్నదమ్ములను, జ్ఞాన తల్లిదండ్రులను (జ్ఞానస్నానం వేళ బిడ్డ తరఫున నిలబడేవాళ్ళు), సాక్షులను, ఇంట్లో అద్దెకున్నవాళ్ళను కలిపి వెతికితే ఇటువంటి పొరపాటు త్వరగా పట్టుబడుతుంది. 1920లో మా వాళ్ళ రెండు గదుల్లో నలుగురు బోర్డర్లు ఉన్నారు. వారిలో ఒకరి ఇంటిపేరు తరువాత డోంబ్రోవా పుస్తకంలో ముత్తాతగారి జ్ఞాన తండ్రి ఇంటిపేరుగా కనబడింది.

ఇవన్నీ కుదిరాక పోలండ్ పని తేలికయింది. గెనెటెకా అనే ఉచిత సూచికలోనూ, అక్కడి రాష్ట్ర ఆర్కైవుల వెబ్‌సైట్‌లోనూ చాలా పుస్తకాలు ఉన్నాయి. నూరేళ్ళు దాటిన జననాలు, ఎనభై ఏళ్ళు దాటిన పెళ్ళిళ్ళు, మరణాలు చూడనిస్తారు. ఆస్ట్రియా పాలించిన గలీసియా వైపు పుస్తకాలు లాటిన్‌లో గళ్ళు గీసి ఉంటాయి. ఇంటి నంబరు, మంత్రసాని పేరు కూడా ఉంటాయి కనుక, ఇంటి నంబరు పట్టుకుని అన్నదమ్ములందరినీ పోగుచేయవచ్చు. ముత్తవ్వగారిది వోమ్‌జా వైపు, రష్యా ఏలుబడి. అక్కడ 1868 నుంచి రష్యన్ భాషలో, గళ్ళు లేకుండా ఒక పేరా లాగా రాశారు. ఒక్కో సంఘటనకు రెండు తేదీలుంటాయి, రష్యా వాడిన పాత (జూలియన్) పంచాంగానికీ కొత్త (గ్రెగోరియన్) దానికీ 19వ శతాబ్దంలో 12 రోజుల తేడా. ఆవిడ పుట్టినరోజు అమెరికా కాగితాల్లో రెండు రకాలుగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఆ పేరా చివర, దీన్ని తండ్రికీ సాక్షులకూ చదివి వినిపించామనీ, వాళ్ళు నిరక్షరాస్యులు కాబట్టి మేమే సంతకం చేశామనీ ఉంటుంది. ఆ పేజీల్లో సగానికి పైగా అలాగే ముగుస్తాయి.

మీరు ముందుగా చేయవలసింది కోడలి తాతగారి, నాయనమ్మగారి మరణ తేదీలు కనుక్కుని, 1950 జనగణనలో వాళ్ళ ఇల్లు పట్టుకోవడం. వాళ్ళు ఏ విచారణకు చెందినవారో తెలిస్తే ఇక్కడే రాయండి. ఆ చర్చి పుస్తకాలు ఏ సంవత్సరం దాకా ఆన్‌లైన్‌లో ఉన్నాయో నేను చూసి చెబుతాను.