తులూజ్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ఫ్రాన్స్‌లోని తులూజ్ అయస్కాంతాల ల్యాబ్‌లో నీకు ప్రయోగానికి మాగ్నెట్ టైమ్ దొరికిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. 2007లో అక్కడే అయస్కాంత క్షేత్రాన్ని (ఫీల్డ్‌ని) 62 టెస్లా దాకా తీసుకెళ్లి, వైబీసీఓ అనే కాపర్ ఆక్సైడ్ సూపర్‌కండక్టర్‌లో క్వాంటమ్ డోలనాలు, అంటే ఫీల్డ్ పెరిగేకొద్దీ నిరోధం పైకీ కిందికీ ఊగడం, పట్టుకున్నారు. ఆ ఊగుళ్లు 1/ఫీల్డ్ మీద సమాన దూరాల్లో వస్తాయి కాబట్టి ఫ్రీక్వెన్సీని కూడా టెస్లాల్లోనే చెప్తాం; వచ్చింది 530 టెస్లా. అంటే బ్రిల్వా జోన్‌లో (స్ఫటికంలో ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాలు పట్టే మొత్తం ప్రాంతంలో) 2 శాతమైనా లేని బుల్లి పాకెట్! పైగా హాల్ వోల్టేజీ (ఫీల్డ్‌లో కరెంటుకి అడ్డంగా పుట్టేది) గుర్తు నెగటివ్, అంటే కరెంటు మోసేవి ఎలక్ట్రాన్లు. హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) ఎక్కించిన పదార్థంలో ఎలక్ట్రాన్ల పాకెట్ ఏమిటని అప్పుడు మాకెవరికీ నిద్ర పట్టలేదు. 2011లో గ్రెనోబుల్‌లో ఎన్ఎంఆర్ (కేంద్రకాల అయస్కాంత సంకేతాలు కొలిచే పద్ధతి) వాళ్లు ఎక్కువ ఫీల్డ్‌లో చార్జ్ ఆర్డర్, అంటే చార్జ్ ఒక క్రమంలో అమరడం, చూపించాక కొంత ముడి విడింది.

నువ్వు మాత్రం ఫూరియర్ (డోలనాల్లోని ఫ్రీక్వెన్సీలు విడదీసే లెక్క) పీక్ చూసి తొందరపడకు. 30 నుంచి 60 టెస్లా మధ్య 530 ఫ్రీక్వెన్సీకి తొమ్మిది డోలనాలు కూడా నిండవు. ఆ కిటికీలో 60 టెస్లా కంటే దగ్గరగా ఉన్న రెండు పీకులు విడిగా కనపడవు, అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీ పీక్ కనపడితే అది చాలాసార్లు నువ్వు బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన తీరులోంచి పుట్టిందే. బ్యాక్‌గ్రౌండ్‌కి పెట్టిన బహుపది డిగ్రీ మార్చి చూడు, కిటికీ జరిపి చూడు. పీక్ కదిలిందా, పక్కన పెట్టెయ్. ముందు అసలు డేటాని 1/బి (బి అంటే ఫీల్డ్) మీద గీసి, కంటితో లెక్కపెట్టు.

అక్కడ ఫీల్డ్ క్షణకాలం పల్స్‌గా ఎక్కి దిగుతుంది; ఎక్కేటప్పటి గీతనూ దిగేటప్పటి గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టు. తీగల లూపులో పుట్టే వోల్టేజీ ఎక్కేటప్పుడు ఒక గుర్తు, దిగేటప్పుడు ఇంకో గుర్తు. నిజమైన డోలనం రెండింట్లోనూ ఒకే ఫీల్డ్ దగ్గర ఉంటుంది. రెండు గీతలూ ఒకదాన్నుంచి ఒకటి జరిగి కనిపిస్తే శాంపిల్ వేడెక్కిందేమో చూడు. హాల్ అయితే ఫీల్డ్ తిప్పి మళ్లీ పల్స్ కొట్టాల్సిందే. కాయిల్ చల్లబడే దాకా ఆగాలని విసుగొచ్చినా వదలకు.

శాంపిల్‌కి తీగలు కలిపే కాంటాక్టుల సంగతి ఇక్కడే తేల్చుకుని వెళ్లు. బంగారం ఆవిరి పట్టించి వేడిచేసి లోపలికి దించాలి, అదీ వైబీసీఓలోని ఆక్సిజన్ పరమాణువుల గొలుసుల్ని వరసలో పెట్టకముందే. తర్వాత కాలిస్తే వరస చెదిరిపోతుంది, డోపింగ్ ఎంతో, అంటే ఎన్ని హోల్స్ ఎక్కాయో, నీకే తెలీదు. గొలుసులు చెదిరిన స్ఫటికంలో ఈ ఫీల్డుల్లో డోలనం కనపడడం కష్టం.

ఉష్ణోగ్రతలు కనీసం ఐదారు తీసుకో, 1.5 కెల్విన్ నుంచి హీలియం మరిగే 4.2 దాకా. పెరిగేకొద్దీ డోలనం ఎలా తగ్గిందో చూస్తేనే స్ఫటికంలో తిరిగే ఆ ఎలక్ట్రాన్ల ద్రవ్యరాశి తెలుస్తుంది. మామూలు ఎలక్ట్రాన్‌కి రెండింతల దగ్గర వస్తే దారిలో ఉన్నట్టే.

మొదటి రోజు డేటా పంపు. ఏమీ తీసెయ్యకుండా, ఉన్నదున్నట్టు.

మీ మావయ్య