ఇద్దరు రివ్యూయర్లు, రెండు మాటలు

ప్రశ్న: జర్నల్‌కు పంపిన నా పరిశోధన వ్యాసానికి ‘మేజర్ రివిజన్’ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమనడం) వచ్చింది. వ్యాసాన్ని పరిశీలించిన నిపుణుల్లో (రివ్యూయర్లు) ఒకరు శాంపిల్ (అధ్యయనానికి తీసుకున్న నమూనాల సంఖ్య) పెంచమన్నారు, ఇంకొకరు సరిపోతుందన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇది తిరస్కరణ కాదు, ధైర్యంగా ఉండండి. రివ్యూయర్లు ఇచ్చేది సలహా, నిర్ణయం ఎడిటర్‌ది. అందుకే ముందు ఎడిటర్ ఉత్తరం చదవండి, ఏది తప్పనిసరో చాలాసార్లు అందులోనే ఉంటుంది. లేకపోతే నేరుగా రాసి అడగండి, తప్పేమీ లేదు. సవరించిన వ్యాసంతో పాటు పంపే జవాబు పత్రంలో రివ్యూయర్ల ప్రతి వ్యాఖ్యనూ యథాతథంగా పెట్టి, దాని కిందే మీ సమాధానం, మార్పు చేసిన పేజీ, లైను నంబర్లు ఇవ్వండి. శాంపిల్ పెంచడం కుదరకపోతే కారణం చెప్పి, ఆ పరిమితిని వ్యాసంలోనూ ఒప్పుకోండి. ఒక్క వ్యాఖ్యను వదిలేసినా రెండో విడతలో అదే పట్టుకుంటారు. గడువు చాలదనిపిస్తే ముందే పొడిగింపు అడగండి. దాటాక పంపితే కొన్ని జర్నళ్లు కొత్త వ్యాసంగా లెక్కిస్తాయి.