‘ప్రత్యక్ష శాస్త్రీయ రాక్ బ్యాండుచే...’

సందేహం: సెలవులకు గోవా వెళ్ళినప్పుడు అక్కడొక బృందం పాత ఇంగ్లీషు రాక్ పాటలు పాడింది. దాని గురించి మా అమ్మాయి బడి పత్రికకు ఇలా రాసింది: ‘సెలవులను గడుపుతుండగా ఒక ప్రత్యక్ష శాస్త్రీయ రాక్ కవర్ బ్యాండుచే ప్లే చేయబడిన పాటలను మేము ఆనందించాము.’ ఎక్కడో తేడాగా ఉంది గానీ ఎక్కడో పట్టుకోలేకపోతున్నాను. – ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: చివరి నుంచి వద్దాం. ‘ఆనందించు’ అకర్మక క్రియ, దానికి ‘ను’ చేరిన కర్మ కుదరదు. పాటలు విని ఆనందిస్తాం. ‘ఆస్వాదించు’ సకర్మకం కాబట్టి ‘పాటలను ఆస్వాదించాం’ అనవచ్చు. బడిపిల్ల రాతకు ‘సరదాగా విన్నాం’ చాలు.

‘బ్యాండుచే ప్లే చేయబడిన’లో ‘బడు’తో పనేమీ లేదు. ‘పాట పాడిన అమ్మాయి’, ‘అమ్మాయి పాడిన పాట’ – రెండు చోట్లా ఒకటే ‘పాడిన’. మన క్రియాజన్య విశేషణం కర్తకూ కర్మకూ కూడా సరిపోతుంది. ‘బ్యాండు వాళ్ళు పాడిన పాటలు’ అంటే ‘చే’, ‘బడు’ రెండూ రాలిపోతాయి. ఇక ‘పాట ప్లే చేశారు’ అంటే మనకు ముందుగా తోచేది రికార్డు పెట్టారనే. గొంతుతో అయితే పాడారు, గిటారుతో అయితే వాయించారు. ‘మీటడం’ తీగను తాకి పలికించడానికి పరిమితం, పాటంతా వాయించడమే. (మనిషిని ‘వాయించేశారు’ అంటే వేరే సంగతి.)

‘బ్యాండు పాడింది’, ‘బ్యాండు వాళ్ళు పాడారు’ – రెండూ సరే. ‘బ్యాండు పాడారు’ మాత్రం రాతలో పొసగదు. ‘జనం వచ్చారు’ అంటున్నాం కదా అంటారేమో. ఆ వెసులుబాటు ‘జనం’ లాంటి కొన్ని మాటలకే. బృందం, సైన్యం, మేళం ఏకవచనంలోనే నడుస్తాయి.

‘ప్రత్యక్ష’ టీవీ ప్రసారానికి పనికొచ్చే మాట. ఎదురుగా నిలబడి పాడుతున్నవాళ్ళకు ఆ విశేషణం అక్కర్లేదు, ‘కచేరీ’లోనే ఆ అర్థం ఉంది. ‘లైవ్ చూశాం’ అంటే ఈరోజుల్లో ఫోనులో చూశారనుకునే ప్రమాదమూ ఉంది.

‘శాస్త్రీయ’ అసలైన పొరపాటు. క్లాసిక్ వేరు, క్లాసికల్ వేరు; ‘శాస్త్రీయ’ రెండోదానికే తెలుగు మాట. క్లాసిక్ రాక్ అంటే ఇంచుమించు 1960ల మధ్య నుంచి 80ల దాకా వచ్చి, ఇప్పటికీ జనం నోళ్ళలో ఉన్న రాక్ పాటలు. రాగతాళ శాస్త్రంతో దానికి లంకె లేదు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊళ్ళో ఉంటూ ఆ మాటను ఇలా వదిలేయకూడదు. ‘పాత రాక్ పాటలు’ అంటే చాలు. అన్నట్టు, పరభాషా పదాల చివర ఉకారం చేర్చి బ్యాండు, గిటారు అని రాయడం మంచి అలవాటే గానీ, ‘రాక్’ను మాత్రం పొల్లుతోనే ఉంచండి. ‘రాకు పాటలు’ అంటే వినేవాడు ఆగిపోతాడు.

మిగిలింది ‘కవర్ బ్యాండు’. సొంత పాటలు కాక, పేరున్నవాళ్ళ పాటలు పాడే బృందం అది. ఒక్క బృందం పాటలే ఎంచుకుని, వేషభాషలు కూడా వాళ్ళలాగే పెట్టుకుంటే ట్రిబ్యూట్ బ్యాండు అంటారు. ‘అనుకరణ బృందం’, ‘నకలు బృందం’ అని రాస్తే మిమిక్రీ అనో దొంగసరుకు అనో ధ్వనిస్తుంది. ఒట్టి ‘బ్యాండు’ అన్నా మన వైపు పెళ్ళి ఊరేగింపు బ్యాండు మేళమే గుర్తొస్తుంది. నిజానికి ఈ పని చేసేవాళ్ళకు మన దగ్గర పేరుంది. జాతరల్లో స్టేజీ కట్టి సినిమా పాటలు పాడేవాళ్ళను ఏమంటాం? ఆర్కెస్ట్రా. ఇంగ్లీషులో ఆ మాటకు వయొలిన్లు, చెల్లోలు బారులు తీరిన పెద్ద వాద్యబృందమని అర్థం. తెలుగులో అర్థం మారి స్థిరపడింది. అందుకే ‘రాక్ పాటల ఆర్కెస్ట్రా’ అంటే మన పాఠకుడికి వెంటనే అందుతుంది. సంగీతం తెలిసినవాళ్ళు చదివే చోట ‘కవర్ బ్యాండు’ అనే రాసి, తొలిసారి ‘ఇతరుల పాటలు పాడే’ అని ముందు చేర్చండి.

‘సెలవులను గడుపుతుండగా’ బదులు ‘సెలవుల్లో’ చాలు. అమ్మాయి వాక్యం ఇలా ఉండవచ్చు: ‘సెలవుల్లో గోవా వెళ్ళినప్పుడు అక్కడ పాత రాక్ పాటల ఆర్కెస్ట్రా ఒకటి పాడుతుంటే సరదాగా విన్నాం.’ రంగుల దీపాలూ హంగామా ఉన్న కార్యక్రమం కాబట్టి ‘చూశాం’ అన్నా తప్పు పట్టను.