రబ్బరు బ్యాండ్లతో వ్యోమగాముల వ్యాయామ యంత్రం అయితదా?

తమ్ముడూ, ఫైనలియర్ ప్రాజెక్టుకు వ్యోమగాముల కోసం గుంజీల యంత్రం చేస్తున్నం, రబ్బరు బ్యాండ్లు సరిపోతాయా అని అడిగినవ్. సరిపోవు. నేనూ అక్కడే మొదలుపెట్టి నాలుగు నెలలు పోగొట్టుకున్న.

నాకు ఈ పిచ్చి పట్టింది మా బాపు వల్ల. తుంటి ఎముక విరిగి రెండు నెలలు మంచం మీదున్నడు. లేపి నిలబెట్టిన రోజు చూస్తే తొడ సన్నబడ్డది, మోకాళ్ళు ఆగలేదు. అంతరిక్షంలోనూ కాళ్ళకు పని లేకనే ఒళ్ళు ఇట్లా కరుగుతది. అందుకే పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్నోళ్ళనే తలవైపు కిందికి 6 డిగ్రీలు వంచిన మంచాల మీద వారాల తరబడి పడుకోబెట్టి పరీక్షిస్తరు. తగిన వ్యాయామం లేకపోతే అక్కడ తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం తగ్గుతది.

రబ్బరుతో చిక్కేంటంటే, సాగినకొద్దీ బిగుస్తది. గుంజీలో కింద కూర్చున్నప్పుడు తేలిక, పైకి లేచేసరికి బరువు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మొదట వాడింది రబ్బరు భాగాల యంత్రమే, దాని హద్దు దాదాపు 136 కిలోలు. అది ఎముకను కాపాడలేకపోయింది. దాని బదులు 2008లో పంపిన ఏరెడ్ (ARED) అనే కొత్త యంత్రంలో లోపలి గాలి తీసేసిన సిలిండర్లు పెట్టిన్రు. బయటి గాలి పిస్టన్‌ను చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బలంతో నొక్కుతది, ఎంత దూరం లాగినా ఆ బలం మారదు. దాదాపు 270 కిలోల దాకా పెట్టుకోవచ్చు. అంత ఎందుకంటవా? ఇక్కడ 50 కిలోల బార్ పట్టి గుంజీ తీస్తే కాళ్ళు ఒంటి బరువును కూడా మోస్తయి. అక్కడ ఆ బరువు లేదు, యంత్రమే ఇయ్యాలె. నా మొదటి లెక్కలో ఇదే మరిచిన.

నేను చివరికి ఫ్లైవీల్, అంటే తాడుతో తిప్పే బరువైన చక్రం వైపు పోయిన. బరువు పోయినా జడత్వం పోదు కదా. బావి మీది పాత ఆయిల్ ఇంజన్ చక్రం తెస్తే మరీ బరువైంది. కాజీపేటలో ఒక లేత్ షాపులో 4 కిలోల ఉక్కు పళ్ళెం తిప్పించిన. తాడు లాగితే చక్రం తిరుగుతది, తాడు అయిపోంగనే అదే వేగంతో వెనక్కి చుట్టుకుంటది. దాన్ని ఆపడానికి కాలు మళ్ళీ బలం పెట్టాలె. కండకు మేలు చేసేది ఆ వెనక్కి వచ్చే సగమే ఎక్కువని నా నమ్మకం.

చక్రాల సీటు మీద మా తమ్మున్ని కూర్చోబెట్టి తొక్కిస్తే, అతను వెనక్కి పోయిన ప్రతిసారీ యంత్రం షాబాద్ బండల మీద ముందుకు జారింది. తాడు లాగే బలం చట్రంలోనే తిరుగుతది, బయటికి పోయేది ఒంటి ఊపు. అంతరిక్షంలో ఆ ఊపు గోడలకు తగిలితే సున్నితమైన ప్రయోగాలు చెడుతయి. అందుకే ఏరెడ్‌ను గోడకు గట్టిగా బిగించకుండా కంపనాన్ని పీల్చే ఏర్పాటు మీద నిలబెట్టిన్రు. నీ డిజైన్లో దీనికి చోటు ఇప్పుడే ఉంచు, తర్వాత ఇరికిద్దామంటే పట్టదు.

భుజాల పట్టీని కూడా వదిలిపెట్టకు. మాది అరగంటకే భుజం ఒరిపిడి పెట్టింది, తొక్కేటోడు మానేసిండు.

ముందైతే ఒక వేలాడే కాటా కొను. మీ బ్యాండ్లను 10 సెంటీమీటర్లకోసారి సాగదీసి ఎంత చూపిస్తదో రాసి ఇక్కడ పెట్టు, చూసి చెప్త.