విశ్రాంతి అని రాసిన చోట

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ నాటకం రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిలు పట్టుకుని. పొలం అమ్మకం చుట్టూ అల్లుకున్న ఆ ఇంటి గొడవ నచ్చింది. తల్లి పాత్ర మరీ నచ్చింది. ఆవిడ పని చేసుకుంటూ ఉంటుంది, మాటలన్నీ మిగతావాళ్లవే. అలాగే ఉండనివ్వు. సంభాషణల గురించి పేజీల అంచుల్లో రాశాను. ఈ ఉత్తరం మాత్రం 37వ పేజీ అడుగున రాసి, కింద రెండు గీతలు గీసిన ఒక్క మాట గురించి: విశ్రాంతి.

మొత్తం 74 పేజీల్లో సరిగ్గా సగం దగ్గర ఆ మాట పెట్టావు. దానికి ముందు పెద్దకొడుకు గొడ్డలి పట్టుకొచ్చి తమ్ముడి గది తలుపు బాదుతాడు, తెర పడుతుంది. ఇది సినిమా నేర్పిన పద్ధతి. మన సినిమాలో విశ్రాంతికి ముందు పిడుగు పడాల్సిందే. సినిమాకు అది చెల్లుతుంది కూడా. ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉంటుంది. పావుగంట తర్వాతా అదే చెయ్యి, అదే చెమట, అదే ఊపిరి. రంగస్థలం మీద ఆ నటుడు లోపలికి వెళ్లి, మొహం తుడుచుకుని, గొంతు తడుపుకుని, మళ్లీ వచ్చి ఆ తలుపు ముందు నిలబడాలి. ఎంతటి నటుడైనా ఆ కోపాన్ని మొదటి నుంచి రాజేసుకోక తప్పదు. ఎదురుగా కూర్చున్నవాడూ అప్పుడే మిరపకాయ బజ్జీ తిని వచ్చి ఉంటాడు.

నేను ఈ సంగతి ఒక టీ బడ్డీ దగ్గర తెలుసుకున్నాను. మా నాటక సమాజం ఒక పల్లెలో నా మొదటి పెద్ద నాటకం ఆడింది. మొదటి సగం చివర ఒక చావు పెట్టాను. చప్పట్లు బాగా పడ్డాయి. జనం ఏమనుకుంటున్నారో విందామని వెళ్లి బడ్డీ పక్కన చీకట్లో నిలబడ్డాను. ఒక్కరూ నాటకం ఊసెత్తలేదు. కాలవ నీటి వంతు గురించి మాట్లాడుకున్నారు. పోయినవాడు పోయాడు, ఇక అనుకోవడానికి ఏముంటుంది? తెర మళ్లీ లేచేసరికి వెనక వరుసలు ఖాళీ అయ్యాయి.

తర్వాతి ప్రదర్శనలో విశ్రాంతిని రెండు రంగాల ముందే ఇచ్చాం. మామగారికి వచ్చిన ఉత్తరాన్ని కోడలు చేతిలోకి తీసుకుని దీపం దగ్గరికి నడుస్తుంది. అంతే, తెర. ఆ రాత్రి కూడా టీ బడ్డీ పక్కన నిలబడ్డాను. "చదివి ఉంటుందంటావా?" అన్నాడొకడు. "చదవకపోతే దీపం దగ్గరికి ఎందుకు వెళుతుంది?" అన్నాడు రెండోవాడు. "ఆ పిల్లకు చదువు రాదని మొదట్లోనే అన్నారు కదా, కాల్చేయడానికి వెళ్లి ఉంటుంది" అన్నాడు గ్లాసు కడుగుతున్న బడ్డీ యజమాని. అతను నాటకం చూడనే లేదు, బడ్డీలో కూర్చుని విన్నాడు! బెల్లు కొట్టేదాకా ఆ వాదన తెగలేదు. నలభై ఏళ్లు కావస్తోంది. ఇప్పటికీ ఏ నాటకం రాసినా, ఇక్కడ తెర వేస్తే బయట ఇద్దరు మనుషులు దేని మీద వాదించుకుంటారని ముందు ఆలోచిస్తాను.

తెర వేయడానికి అవసరాలు వేరుగా ఉండవచ్చు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో, పైకప్పున్న నాటకశాలల్లో కొవ్వొత్తుల ఒత్తులు కత్తిరించడానికి అంకాల మధ్య ఆపి సంగీతం వాయించేవారు. మన పల్లెల్లో పెట్రోమాక్స్ లైట్లకు గాలి కొట్టుకునేవారు. అవసరం దీపానిదే అయినా ఆ కాస్త సేపూ ప్రేక్షకుణ్ణి వదలకూడదని మనవాళ్లకు బాగా తెలుసు. జనం కునుకుతున్నారని గమనించగానే హరిదాసు పిట్టకథ అందుకుంటాడు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ పక్కకు తప్పుకుంటే జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊళ్లోవాళ్ల మీదే హాస్యమాడతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడి మొదలైన సురభి వారి ప్రదర్శన చూసే అవకాశం వస్తే వదులుకోకు. ముందు తెర దగ్గర ఇద్దరు చిన్న సన్నివేశం నడుపుతుంటే, దాని వెనక ఒక సభ లేచిపోయి అడవి వచ్చేస్తుంది. తెల్లవార్లూ సాగే పద్యనాటకాల్లోనైతే కృష్ణుడే మారిపోతాడు. ఒకటో కృష్ణుడు దిగి రెండో కృష్ణుడు ఎక్కేలోపు హార్మోనియం మోగుతుంది, మైకులో చదివింపులు చదువుతారు, కింద చాపల మీద మొదటివాడి రాగానికీ రెండోవాడి రాగానికీ పోలికలు మొదలవుతాయి. నా చిన్నప్పుడు మా నాన్న ఆ పోలికల కోసమే నిద్ర కాచేవాడు.

ఇంకా వెనక్కి వెళదాం. యుద్ధం, మరణం, రాజ్యం పోవడం, నగర ముట్టడి వంటివి అంకంలో కళ్లెదుట చూపవద్దని, ప్రవేశకాల ద్వారా, అంటే అంకాల నడుమ వచ్చే చిన్న రంగాల ద్వారా తెలపాలని భరతుడి నాట్యశాస్త్రం చెబుతుంది. నెల పట్టేదైనా ఏడాది పట్టేదైనా అంకానికీ అంకానికీ నడుమ గడిచిపోవాలి, ఏడాది దాటకూడదు. అంటే ఆ సందు భరతుడి లెక్కలో కథ నడిచే చోటు. కాళిదాసు దాన్ని ఎలా వాడుకున్నాడో చూడు. శాకుంతలంలో కథను తిప్పేసిన దుర్వాసుడి శాపం నాలుగో అంకం లోపల లేదు. దానికి ముందున్న విష్కంభంలో, ప్రవేశకం లాంటిదే మరో చిన్న రంగంలో ఉంది. అనసూయ, ప్రియంవద పూలు కోస్తుంటే తెర వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది. శకుంతలకు తెలియదు, దుష్యంతుడికి తెలియదు, మనకు తెలిసింది. ఉంగరం దొరకడమూ అంతే. ఐదో అంకంలో ఆమెను కాదన్నాక, ఆరో అంకానికి ముందున్న ప్రవేశకంలో రక్షకభటులు ఒక జాలరిని కట్టి తెస్తారు. మరపు ఒక సందులో, జ్ఞాపకం మరో సందులో. నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. పెద్ద అంకాలను రాజుకూ శకుంతలకూ ఇచ్చి, వాళ్ల తలరాతను మాత్రం పూలు కోసే పిల్లల చేతుల్లో, చేపలు పట్టేవాడి చేతుల్లో పెట్టాడు.

రెండో సగం మొదలు గురించి ఒక మాట. మన ఊళ్లలోని హాళ్లలో ఆడవాళ్లకు ఉండే మరుగుదొడ్లు ఒకటో రెండో. పది నిమిషాల విశ్రాంతిలో ఆ వరుస తరగదు. మూడో బెల్లు అయ్యాక కూడా చంటిపిల్లల తల్లులు, మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు చీకట్లో కుర్చీలు వెతుక్కుంటూ ఉంటారు. నువ్వేమో 38వ పేజీ మొదటి మాటలోనే పొలం ఎవరి పేరు మీద ఉందో చెప్పించేశావు. నీ నాటకం ఎవరి కోసం రాశావో వాళ్లకే ఆ మాట అందదు. ఆ మొదటి రెండు నిమిషాలు తల్లికి ఇవ్వు. వాకిలి ఊడ్చుకోనివ్వు, పొయ్యి వెలిగించనివ్వు. అందరూ కూర్చున్నాక పేరు బయటపడనివ్వు. నిర్వాహకులను ఇరవై నిమిషాల విశ్రాంతి అడుగు. కుదరదంటే మళ్లీ అడుగు.

ఇక నీ విశ్రాంతి ఎక్కడ ఉండాలి? 29వ పేజీలో ఉంది, నువ్వే రాశావు. తల్లి పొలం పాసుపుస్తకాన్ని కొంగు చాటున తెచ్చి బియ్యం డబ్బాలో దాస్తుంది. గుమ్మంలో చిన్నకూతురు నిలబడి ఉంటుంది. అక్కడ తెర వేయి. గొడ్డలి రెండో సగంలోకి వస్తుంది, తలుపు బాదిన ఊపులోనే తలుపు తెరుచుకుంటుంది, అన్నదమ్ములు ఎదురెదురు పడతారు, నటుడి ఊపిరి మధ్యలో తెగదు. దీనివల్ల రెండో సగం 45 పేజీలవుతుంది. అది మోయలేని బరువే. పంచాయితీ రంగంలో ఇద్దరు పెద్దమనుషులు చెప్పిందే చెబుతున్నారు కాబట్టి ఒకరిని తీసేయి. ఆరేడు పేజీలు తగ్గుతాయి.

ఇంకొకటి. డబ్బా మూసేటప్పుడు తల్లి "ఇది ఎవరి కంటా పడకూడదు" అంటుంది. ఆ మాట కొట్టేశాను. "నేను చూశానమ్మా" అన్న కూతురి జవాబు కూడా కొట్టేశాను. ఆ పిల్ల చూసిందో లేదో, చూసి ఉంటే ఎవరి పక్షమో టీ తాగేవాళ్లు తేల్చుకుంటారు. డబ్బా రేకుదై ఉండాలి, ప్లాస్టిక్కుది వద్దు. మూత పడిన చప్పుడు చివరి వరుస దాకా వినిపించాలి. తెర ఆ చప్పుడు మీదే పడాలి.

ఆశీస్సులతో,
నీ మాస్టారు