ఫోన్ లాక్కోవాలా, మేడమ్?

ప్రశ్న: మేడమ్, మాది కర్నూలు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి కాలు విరిగి, కట్టుతో ఇంట్లోనే ఉన్నాడు. రోజంతా ఫోన్‌లో క్లాస్ పిల్లలతో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకుల ఆటే. వాణ్ణి చూడటానికి మా ఆడబిడ్డ పిల్లలొస్తే తలెత్తి కూడా చూడలేదు. మనుషుల్లో కలవడం మర్చిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఫోన్ లాగేసుకోమంటున్నారు మావారు.

జవాబు: వద్దమ్మా, ఇప్పుడైతే అసలు వద్దు. బడి లేదు, గ్రౌండ్ లేదు. స్నేహితులు దొరికేది వాడికి అక్కడే. 2020 లాక్‌డౌన్‌లో మన ఊరి పిల్లలు గడప దాటలేక ఫోన్లలోనే జట్లు కట్టారు. దూరంగా ఉంటూనే కలిసి గేమ్‌లు ఆడుకోండన్న ప్రచారానికి ఆ మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థే తోడు నిలిచింది. గేమింగ్ అతి అయితే జబ్బేనని అంతకు ముందే ఒప్పుకున్నదీ ఆ సంస్థే. రెండు మాటలూ నిజమే.

ఒకసారి వాడి పక్కన కూర్చోండి. స్క్వాడ్‌లో, అంటే జట్టులో, నలుగురుంటారు. ఆటలో ఒకడు పడిపోతే ఇంకొకడు "రేయ్ ఆగు, వస్తాన్నా" అంటూ తుపాకుల మధ్యకు పరుగెత్తి లేపుతాడు. తిట్టుకుంటారు, మళ్లీ కలిసిపోతారు. ఇది స్నేహమే. కానీ ఎదుటివాడి మొహం చూసి మనసు కనిపెట్టడం మైక్‌లో రాదు. బళ్లు తెరిచాక నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఆ లోటు బాగా కనిపించింది: ఆటలో గలగలా మాట్లాడేవాళ్లు పక్క బెంచీవాడితో మాట కలపలేకపోయారు.

అందుకే ఆ స్క్వాడ్‌ని ఇంటికి రప్పించండి. ఆదివారం ఉగ్గాని, బజ్జి చేసి పిలవండి, ఎవరు రారు? మీ ఆడబిడ్డ పిల్లలొస్తే, ఫోన్ వాళ్ల చేతికిచ్చి వీణ్ణి నేర్పమనండి. మ్యాచ్ మధ్యలో మాత్రం లాక్కోవద్దు. పది నిమిషాల్లో అయిపోయేదే. మధ్యలో వదిలేస్తే జట్టు ఓడిపోతుంది, మాట పడేది వీడు. "ఇది అయ్యాక పెట్టెయ్ నాయనా" అంటే వింటాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు జట్టులో కలిసి, ఆటలో వాడే డైమండ్లు ఇస్తామని ఫోన్ నంబరో ఫొటోనో అడిగితే మీకు చెప్పాలి. ఇందులో మాత్రం మెత్తబడొద్దు.

కట్టు విప్పి, డాక్టరు నడవమన్నాక కూడా గ్రౌండ్‌కి పోనంటే, నిద్రా తిండీ మానేసి, ఆపలేక వారాల తరబడి అదే పనిగా ఆడుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.